అత్తయ్య ఎండబెట్టిన గోరుచిక్కుళ్లు

ఈ ఏడాది తొలకరి జల్లు పడిన సాయంత్రం, హైదరాబాదులోని మా ఇంటి వంటగదిలో నూనె మూకుడు పొయ్యి మీద పెట్టి, పాత పంచె ముక్కలో కట్టిన చిన్న మూట ఒకటి విప్పాను. అందులో నల్లబడి, మెలికలు తిరిగి, ఎండుపుల్లల్లా మారిన గోరుచిక్కుడు ఒరుగులు ఉన్నాయి. గుప్పెడు తీసి కాగిన నూనెలో వేయగానే అవి చిటపటలాడుతూ ఉబ్బి పైకి తేలాయి. వాటితో పాటు ఎండుగడ్డి, ఉప్పు, కట్టెపొయ్యి పొగ, ఎండకు కాగిన నేల, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి లేచి గది నిండా పరుచుకుంది. ఆ వాసన నాకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. జల్లిగరిటె చేత పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మొదటి వాయి కొంచెం మాడింది కూడా.

ఆ ఒరుగులు మా మేనత్త ఎండబెట్టినవి. చైత్రంలో వాటిని ఎండబెట్టింది, వైశాఖంలో పోయింది. పెద్దకర్మ ముగిసి నేను తిరుగు ప్రయాణమవుతుంటే మా మరదలు ఈ మూట తెచ్చి నా సంచిలో పెడుతూ, "వదినా, ఇవి మీకని ముందే కట్టి పక్కన పెట్టారు, మరిచిపోకుండా ఇవ్వమని నాకు రెండుసార్లు చెప్పారు" అన్నది. ఆ మాట విన్నప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు. నూనెలో ఆ వాసన లేచినప్పుడు వచ్చాయి.

* * *

మాది నూజివీడు వైపు మెట్ట పల్లె. డెల్టా కాలువల నీళ్లు మా పొలాలకు ఎక్కేవి కావు. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు జొన్నా కందీ, ఊరి చుట్టూ మామిడి తోటలు, ఇదీ మా ఊరి సేద్యం. ఇంటి వెనుక పెరడు మాత్రం గిలక బావి నీళ్లతో బతికేది. అందులో వంగ, బెండ, గోరుచిక్కుడు, మిరప, గోంగూర మళ్లుగా ఉండేవి. బీర, కాకర, సొర పాదులు పందిళ్ల మీదకు పాకేవి. గుమ్మడి తీగ ఎవరి మాటా వినకుండా గడ్డివాము ఎక్కి కూర్చునేది. ఒక మూల చింతచెట్టు, మరో మూల ఉసిరి, బావి దగ్గర కరివేప, నిమ్మ ఉండేవి.

మంచు కురిసే దేశాలలో పెరటి పంటను శీతకాలం కోసం సీసాలలోకి ఎక్కించి దాచుకుంటారని పెద్దయ్యాక చదివాను. మాకు చలికాలం కరవు కాలం కాదు, అదే కూరల కాలం. కార్తీకం నుంచి మాఘం దాకా పెరట్లో కాసినది ఇంట్లో వారు తినలేకపోయేవారు. మా కరవు వానలతో వచ్చేది. వేసవి చివరికి బావి అడుగంటి మళ్లు ఎండిపోయేవి. మృగశిర కార్తెలో చినుకు పడ్డాక కొత్త విత్తనం పెడితే, బీరకాయో దోసకాయో చేతికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పట్టేది. నేలంతా పచ్చగా కనిపించే ఆ జ్యేష్ఠ ఆషాఢ మాసాలలోనే వండుకోవడానికి ఇంట్లో కూర ఉండేది కాదు. సంతకు వెళదామంటే నల్లరేగడి దారిలో బండి ఇరుసు దాకా దిగబడేది. వెళ్లినా చేతిలో డబ్బు ఉండేది కాదు, ఉన్నదంతా విత్తనాలకూ కూలీలకూ పోయేది. అందుకే మా నాయనమ్మ సంవత్సరాన్ని నెలలతో కాక కార్తెలతో లెక్కపెట్టేది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు. ఆరుద్ర నుంచి మఖ దాకా ఐదు కార్తెలు ఇంటిల్లిపాదికీ ఏం పెట్టాలి అన్నది ఆమెకు సంక్రాంతినాటికే తెలిసి ఉండాలి.

ఆ లెక్క నాయనమ్మది, చేతులు మా అత్తయ్యవి. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన అత్తయ్యను ఆ రోజుల్లో ఎవరూ మళ్లీ పెళ్లి మాట అడగలేదు, చదువు మాట అంతకన్నా అడగలేదు. ఆమె ఉన్నందువల్లే ఆ ఇల్లు నడిచిందని మేము గుర్తించడానికి చాలా కాలం పట్టింది. ఆ సంగతి నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది.

* * *

రథసప్తమి దాటితే ఎండకు పట్టు వస్తుందని నాయనమ్మ నమ్మకం. ఆ రోజు చిక్కుడుకాయలతో చేసిన రథాన్ని సూర్యుడికి పెట్టి, చిక్కుడాకులలో పరమాన్నం పంచిన మరునాటి నుంచే, పందిరి మీద మిగిలిన చిక్కుడుకాయలు ఒరుగుల కోసం దిగేవి. వాటి వెనుక వంకాయలు, కాకరకాయలు, చైత్రంలో గోరుచిక్కుళ్లు, ఆ తరువాత దోసకాయలు, చివరగా మామిడికాయలు వచ్చేవి.

ఒరుగు చేయడం తేలికని అనుకునేవారు ఎన్నడూ చేసి ఉండరు. గోరుచిక్కుళ్లు మరీ లేతవైతే ఎండాక దారప్పోగులైపోతాయి, ముదిరితే నోట్లో పీచు మిగులుతుంది. లోపల గింజ అప్పుడే పట్టి పైకి ఇంకా కనిపించని కాయనే కోయాలి. చివరలు తుంచి, మరుగుతున్న ఉప్పునీళ్లలో వేసి, ఆకుపచ్చ రంగు ఒక్కసారి మెరిసి నిలకడగా మారగానే తీసివేయాలి. ఆ క్షణం దాటితే కాయ ఉడికిపోతుంది, ఉడికిన కాయ ఎండదు, కుళ్లుతుంది. అత్తయ్య గడియారం చూసేది కాదు. కుండ మీదకు వంగి ఆవిరి వాసన పట్టుకునేది. పచ్చివాసన పోయి తీపి వాసన రాగానే వెదురు జల్లితో ఎత్తి, నీళ్లు ఓడ్చి, నులక మంచం మీద పరిచిన పాత చీరపై ఒకదానికొకటి తగలకుండా పేర్చేది. వంకాయలను మాత్రం నిలువుగా చీల్చి, ఉప్పూ పసుపూ కలిపిన పుల్లటి మజ్జిగలో ముంచి ఎండబెట్టేది. కాకరకాయలను చక్రాలుగా తరిగి ఉప్పు రాచి, కారిన చేదు నీళ్లను పిండేసేది.

మంచం నిండా పరిచిన కాయలు నాలుగు రోజులకు సగం మంచానికి, వారానికి ఒక చేటకు వచ్చేవి. తట్టెడు వంకాయలు చివరికి దోసెడు ఒరుగులయ్యేవి. "ఏమైంది నాయనమ్మా, ఎవరు తిన్నారు?" అని మా తమ్ముడు ఏడుపు ముఖంతో అడిగితే, "సూర్యనారాయణమూర్తి నీళ్లు తాగి, కూర మనకు వదిలేశాడురా" అని ఆమె జవాబు చెప్పింది. కూరగాయలో నూటికి తొంభై పాళ్లు నీరేనని నేను బడిలో చదువుకున్నది ఆ తరువాతి సంగతి.

ఎండినదో లేదో తేల్చేది చెవి. రోజూ పొద్దువాలే వేళ అత్తయ్య ఒరుగులను చేటలోకి ఎత్తి చెవి దగ్గర ఒకసారి విదిలించేది. తడి ఉన్న ఒరుగు చేటలో పడితే మెత్తగా, గుడ్డ పడినట్టు, చప్పుడు లేకుండా పడుతుంది. ఇంకో రోజు ఎండితే గరగరమంటుంది. పూర్తిగా ఎండితే గాజుల మాదిరి గలగలమంటుంది. ఆ గలగల వినబడ్డాకనే వాటిని ఒక రాత్రి చల్లార్చి, వేడి మీద మూతపెడితే లోపల చెమట పడుతుంది కాబట్టి, తెల్లవారి ఎండు వేపాకులు అడుగున వేసిన కుండలోకి ఎక్కించి, మూతికి వాసెన గుడ్డ కట్టేవారు. వడియాలకు ఒక చప్పుడు, మిరపకాయలకు లోపలి గింజల చప్పుడు, కందులకు పంటి కింద కటుక్కుమనే చప్పుడు, ఇలా ఆ ఇంట్లో దేనికి దాని పలుకు ఉండేది. నేను ఎనిమిదేళ్లకే కళ్లు మూసుకుని వాటిని గుర్తుపట్టగలిగేదాన్ని.

* * *

మా పిల్లల పని కాపలా. వేసవి సెలవులలో ఒక మంచం కింద నీడలో కూర్చుని, చివర నల్లగుడ్డ కట్టిన వెదురుకర్రతో కాకులను అదిలించాలి. కాకులకు మామిడి ఒరుగుల మీద అంత ఆశ ఉండేది కాదు గాని, వడియాల పిండి కనబడితే వదిలేవి కావు. ఉడతలు కందుల కోసం, కోళ్లు దేనికోసమైనా వచ్చేవి. కోతుల మూక వచ్చిన రోజు మాత్రం పెద్దలందరూ డబ్బా రేకులు వాయిస్తూ బయటకు పరుగెత్తవలసి వచ్చేది.

అన్నిటికన్నా పెద్ద దొంగ మబ్బు. మధ్యాహ్నం మూడు గంటలకు ఆకాశం పడమటి వైపు కమిలి, గాలి ఒక్కసారి స్తంభించి, చింతచెట్టు మీది పక్షులు మాట మానేస్తే, వంటింట్లోంచి నాయనమ్మ కేక వినిపించేది: "మబ్బు పట్టిందే, లేవండే!" ఆ కేక ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పాకేది. నిద్రలో ఉన్నవారు, భోజనం మధ్యలో ఉన్నవారు, ఉయ్యాలలో పిల్లను ఊపుతున్నవారు అందరూ లేచి, ఒక్కో మంచానికి నలుగురు చొప్పున పట్టుకుని వసారాలోకి చేర్చేవారు. మా ఇంటి పని కాగానే పక్కింటికి, అక్కడి నుంచి ఆ పై ఇంటికి పరుగెత్తేవాళ్లం. పక్కింటి వాళ్లతో మాకు దారి తగవు ఉండేది, రెండేళ్లుగా పెద్దలకు మాటల్లేవు. అయినా మబ్బు పట్టినప్పుడు మా మిరపకాయలు వాళ్లూ, వాళ్ల చింతపండు మేమూ ఎత్తాం. వాన వెలిశాక మళ్లీ ఎవరి గుమ్మంలోకి వారు వెళ్లారు.

* * *

గుమ్మడికాయ వడియాలు సంక్రాంతి వెళ్లిన వారంలో పెట్టేవారు. గడ్డివాము మీద పండి, ఒళ్లంతా బూడిద పూసుకున్న కాయలను ఉట్టిలో వేలాడదీస్తే నెలల తరబడి చెడకుండా ఉండేవి. అయితే కాయను మొదట కోసే అధికారం మా ఇంట్లో ఆడవాళ్లకు లేదు. తాతయ్య కత్తిపీట ముందు కూర్చుని కాయకు మొదటి గాటు పెట్టి లేచిపోయేవాడు. మిగిలిన రోజున్నర శ్రమ ఆడవాళ్లది.

ముక్కలను గింజంతగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, కొత్త గోనెగుడ్డలో మూటగట్టి, దాని మీద తిరగలి రాయి ఎత్తి రాత్రంతా ఉంచేవారు. ఆ రాత్రి పడుకున్నప్పుడు మూట కిందున్న పళ్లెంలో నీటి బొట్లు పడుతున్న చప్పుడు వినిపించేది. మొదట వడివడిగా, తరువాత ఆగి ఆగి, తెల్లవారుజామున ఎప్పుడో ఒక బొట్టు. అత్తయ్య అదే వసారాలో పడుకునేది. ఆ బొట్లు నిలిచాక లేచి నానిన మినప్పప్పును రుబ్బురోట్లో వేసేది. నేను మేలుకునేసరికి పిండి గట్టిగా, వెన్నలా తయారై ఉండేది. పచ్చిమిరప, జీలకర్ర, ఇంగువ కలిపి, తడిపిన పంచె మీద చిట్టి చిట్టి వడియాలు పెట్టేవారు. రెండు రోజులు ఎండాక పంచెను తిరగేసి వెనుక వైపు నీళ్లు చిలకరిస్తే వడియాలు గుడ్డను వదిలేవి. ఆ వదిలించే పని నాది. ఒక్కొక్కటీ విరగకుండా రావాలి. విరిగినవి మేము తినవచ్చు, కాబట్టి కొన్ని కావాలనే విరిచేదాన్ని; అత్తయ్య చూసీ చూడనట్టు ఊరుకునేది.

* * *

చింతకాయ పచ్చడి జాడీ గురించి నేను రాయక తప్పదు.

ధనుర్మాసంలో చింతకాయలు గింజ పట్టి, ఇంకా పండబారకముందే రాల్చి, కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబెట్టి, కళ్లుప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి జాడీలోకి ఎత్తేవారు. మూడో రోజు తీసి, గింజలూ పీచూ ఏరి, మళ్లీ మెత్తగా దంచితే అది ఏడాది కాదు, రెండేళ్లు నిలిచేది. పనికిరాని పాత విషయాన్ని 'పాత చింతకాయ పచ్చడి' అని తీసిపారేయడం మన వాడుక. మా ఊళ్లో ఆ మాట అన్న వాళ్లే జ్వరం తగ్గి పథ్యం తినవలసిన రోజున గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. బాలింతలకు నాయనమ్మ పంపేది కూడా ఆ నల్లబడిన పాత పచ్చడినే. కొత్తది ఇంటి వాళ్లకు, పాతది ఒంట్లో బాగాలేని వాళ్లకు అని ఆమె నియమం.

పెద్ద జాడీ దేవుడి గది పక్కన చీకటి కొట్లో ఉండేది. నెలకు ఒకసారి, తలస్నానం చేసి తల ఆరబెట్టుకున్న రోజున మాత్రమే, అదీ నాయనమ్మ లేదా అత్తయ్య, చేతులు ఎండలో ఒకసారి ఆరించుకుని, పొడి గరిటెతో చిన్న జాడీలోకి తీసేవారు. పిల్లలకు ఆ కొట్టు గడప దాటే అనుమతి లేదు.

ఒక ఏడు ఆషాఢంలో ముసురు పట్టిన సాయంత్రం, బడి నుంచి తడిసి వచ్చాను. ఆకలి. ఇంట్లో ఎవరూ లేరు. అందరూ నాట్లకు పోయారు. ఉట్టిలో చద్దన్నం ఉంది, చిన్న జాడీ ఖాళీగా ఉంది. కొట్టులోకి వెళ్లి వాసెన విప్పి, తడి చేతి వేళ్లతో ఒక ముద్ద తీసుకుని, మళ్లీ తాడు చుట్టి వచ్చేశాను. ఆ అన్నం రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నది.

పదిహేను రోజుల తరువాత నాయనమ్మ జాడీ తెరిచింది. పైన దూది పరిచినట్టు బూజు. గరిటె లోపలికి దించి చూస్తే వాసన కూడా మారిపోయింది. ఆమె కేకలేయలేదు. కొట్టు గడప మీద కూర్చుని, "ఇంకా మూడు కార్తెలున్నాయి" అని మాత్రం అన్నది. ఎవరు తెరిచారని అడగకముందే అత్తయ్య, "నేనే తీశానమ్మా, చెయ్యి సరిగ్గా ఆరలేదు" అన్నది. దానితో నాయనమ్మ కోపం అంతా ఆమె మీద విరుచుకుపడింది. ఇన్నేళ్లొచ్చి ఏం నేర్చుకున్నావు అన్నది, ఇంకా అనకూడని మాటలు ఒకటి రెండు అన్నది. నేను తలుపు వెనుక నిలబడి అంతా విన్నాను. బయటకు రాలేదు. జాడీలోనిదంతా పెంటదిబ్బలో పూడ్చిపెట్టారు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో చింతకాయ పచ్చడి లేదు, జ్వరం తగిలి వచ్చిన వారు ఉత్త గిన్నెలతో తిరిగి వెళ్లారు.

నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లై, పిల్లలు పుట్టాక ఒకసారి ఊరు వెళ్లినప్పుడు, ఇద్దరమే ఉన్న రాత్రి ఆ సంగతి అత్తయ్యకు చెప్పాను. ఆమె నిద్రకు పడబోతున్నదల్లా, "నాకు అప్పుడే తెలుసు కదమ్మా. పచ్చడిలో వేళ్ల గుర్తులున్నాయి, చిన్న వేళ్లు" అన్నది. అటు తిరిగి పడుకుంది.

* * *

ముట్టు రోజుల్లో జాడీల వైపు రాకూడదన్న కట్టుబాటు మా ఇంట్లో గట్టిగానే ఉండేది. పెద్దమనిషినయ్యాక నన్నూ నెలకు మూడు రోజులు వసారా చివర కూర్చోబెట్టారు. పచ్చళ్లు పాడవుతాయనేవారు. ఆ మాట తప్పని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పుడు తప్పని గట్టిగా చెప్పగలను. నాయనమ్మ పోయిన తరువాత ఇంటి పెత్తనం చేతికి వచ్చిన మొదటి ఏడాదే అత్తయ్య ఎవరితోనూ చర్చ పెట్టకుండా ఆ కట్టుబాటును తీసేసింది. మా మరదలు కొత్తకోడలిగా వచ్చి దూరంగా నిలబడితే, "చెయ్యి పొడిగా ఉందా? ఉంటే రా" అని పిలిచి గరిటె చేతికిచ్చిందట. నాయనమ్మ ఆచారంలో ఏది పచ్చడి కోసమో, ఏది కాదో ఆమెకు తెలుసు.

* * *

ఆవకాయ గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. మా ఇంటి కొలత నాలుగు మానికల ముక్కలకు మానిక కారం, మానిక ఆవపిండి, మూడు సోలల ఉప్పు, ముక్క మునిగేంత పప్పునూనె. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక అన్న లెక్క నేను బడిలో కాక ఆ కొలతల్లోనే నేర్చుకున్నాను.

నాకు ఆవకాయకన్నా మాగాయ రోజులు ఎక్కువ గుర్తు. చెక్కు తీసిన పుల్లమామిడి ముక్కలు ఉప్పులో మూడు రోజులు ఊరాక, ఊటను పిండి, ముక్కలను చాప మీద, ఊటను వెడల్పాటి రాతిచిప్పలో విడివిడిగా ఎండలో పెట్టేవారు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ఊట పైన తెల్లటి ఉప్పు పొర కట్టి మెరిసేది. మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయాక వేలితో ఆ పొరను తాకి నాకడం మా అందరికీ అలవాటు. గాలికి రాలిన చిన్నరసాలు దొరికితే, రసం పిండి, బెల్లం కలిపి ఈతచాప మీద పలుచగా పూసేవారు. అది ఎండాక మరో పూత, దాని మీద మరో పూత. పది పన్నెండు రోజులకు అట్టలా లేచిన తాండ్ర మీద చాప అల్లిక అచ్చు పడి ఉండేది. తింటున్నప్పుడు నాలుకకు ఆ గీతలు తగిలేవి.

మృగశిర వచ్చేనాటికి, అంటే జూన్ 8 ప్రాంతానికి, అంతా అటక మీదకీ కొట్టులోకీ చేరిపోయి ఉండాలి. ఆ రాత్రి నాయనమ్మ ఆముదపు దీపం పట్టుకుని కొట్టులోకి వెళ్లి, ఒక్కొక్క కుండ మీద చెయ్యి వేసి, పెదవులు కదుపుతూ లెక్క చూసుకునేది. చిన్నప్పుడు అది పూజ అనుకునేదాన్ని.

ఆ తరువాత వాన. పెంకుల మీద ఎడతెగకుండా పడుతున్న వాన చప్పుడు కింద, తడికట్టెలు రాజుకోక పొగచూరిన వంటింట్లో, మామిడి ఒరుగులు వేసిన కందిపప్పు కుతకుత ఉడికేది. నానబెట్టిన వంకాయ ఒరుగులు చింతపండు పులుసులో ఉబ్బి, వంకాయ రుచికన్నా చిక్కనైన వేరే రుచి తెచ్చుకునేవి. నాట్ల నుంచి తడిసి వచ్చిన కూలీలకు సంకటి మీద చల్లమిరపకాయ, గోంగూర పచ్చడి వేసి వసారాలో పెట్టేవారు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో కూర లేని పూట లేదు. మాకు లోటు తెలియలేదు. లోటు ఉండేదని, దానిని ఇద్దరు ఆడవాళ్లు ఏడాది ముందు నుంచీ తోస్తూ వచ్చారని, నేను ఒక సంసారం నడిపాకే తెలిసింది.

* * *

ఇప్పుడు ఏ కూర ఏ నెలలోనైనా దొరుకుతుంది. 1999లో రైతుబజార్లు వచ్చాక ముసురులో కూడా వంకాయకు వెతుక్కునే పని లేకుండా పోయింది. మా ఊరికి తారు రోడ్డు పడింది, ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, పెంకుటిల్లు డాబా అయింది. ఇవన్నీ మంచికే జరిగాయి. అత్తయ్య రాత్రి మూడింటికి లేచి రుబ్బురోలు తిప్పిన చేతుల నొప్పులు చూసినదాన్ని నేను. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరితోనూ అనలేను. అయినా ఆమె మాత్రం మానలేదు. డాబా వచ్చాక మెట్లెక్కలేకపోయినా, మనవలతో మంచాలు ఎక్కించి, ఏటా నాలుగు రకాల ఒరుగులు పెట్టింది. ఫోన్ చేస్తే నా ఆరోగ్యం అడగకముందే, "మీ ఊళ్లో ఎండ ఎలా ఉంది?" అని అడిగేది.

మా అపార్టుమెంటులో నేను కూడా ఒక ఏడు ప్రయత్నించాను. బాల్కనీలోకి ఎండ పొద్దున్న రెండు గంటలే వస్తుంది. కాకరకాయ చక్రాలు నాలుగో రోజుకే మెత్తబడి నల్లబడ్డాయి. చేటలో వేసి విదిలిస్తే చప్పుడు లేదు. అత్తయ్యకు చెబితే, "పైకప్పు మీదకు పోనివ్వరా?" అని అడిగింది. తాళం వేసి ఉంటుందని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఏటి నుంచే నాకోసం విడిగా మూట కట్టడం మొదలుపెట్టింది.

* * *

పెద్దకర్మ నాడు చుట్టాలంతా వెళ్లాక ఒకసారి పెరట్లోకి వెళ్లాను. చింతచెట్టు లేదు, బావి మీద మూత వేశారు. పాత గొడ్ల సావిడి వెనుక గోడ మాత్రం నిలిచి ఉంది. దాని మీద, వాన తగలని చూరు కింద, మూడు పిడకలు ఎండి కరుచుకుని ఉన్నాయి.

ఏమిటో నాకు తెలుసు. కూరను దాచడంతో నాయనమ్మ పని ముగిసేది కాదు. పాదు మీద మంచి కాయలు రెండు కోయకుండా వదిలేసి, ఎండాక గింజలు తీసి, తడి పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టేది. పురుగు ముట్టదు, ఎలుక ముట్టదు. ఇంకొన్ని గింజలు పొయ్యి పైన, పొగ తగిలేచోట, ఎండిన సొరబుర్రలో వేలాడేవి. ఎంత ఆకలి వేసినా, ఎంత ముసురు పట్టినా ఆ పిడకల జోలికి ఎవరూ పోకూడదు. తొలకరి పడిన మరునాడు వాటిని ఊడదీసి, నీళ్లలో నానబెట్టి, గింజలు ఏరి పాదుల్లో పెట్టేవారు. ఆ గోడ మీద పిడకలు కొట్టే పని నాయనమ్మ తరువాత అత్తయ్యదే.

కొనవేళ్లతో ఒక పిడకను ఊడదీశాను. మిగిలిన రెండూ తమ్ముడి పిల్లలకు చూపించి, ఏం చేయాలో చెప్పి వదిలేశాను. వాళ్లు శ్రద్ధగానే విన్నారు.

ఒరుగులు వేయించిన మరునాడు పొద్దున్న, ఆ పిడకను బకెట్టులో నానబెట్టాను. మధ్యాహ్నానికి విడిపోయింది. అడుగున నల్లటి, చదునైన బీర గింజలు పదకొండు కనిపించాయి. రెండు తేలాయి, వాటిని పక్కన పెట్టాను. మిగిలిన తొమ్మిదింటినీ బాల్కనీలోని మూడు కుండీలలో, ఎండ మొదట తగిలే వైపు, వేలి కణుపు లోతున నాటాను. ఆరో రోజున ఐదు మొలకలు మట్టిని నెత్తిన పెట్టుకుని పైకి వచ్చాయి. ఇప్పుడు వాటికి దారం కట్టి కిటికీ ఊచల మీదికి పాకిస్తున్నాను. మూటలో ఇంకా రెండు గుప్పెళ్ల ఒరుగులు ఉన్నాయి. నిన్న ముసురుగా ఉంటే తీసి చెవి దగ్గర విదిలించి చూశాను, గలగలమంటూనే ఉన్నాయి.